టెక్ సందేహాలు: ఎనర్జీ బ్యాలెన్సింగ్ యంత్రం కొలిచేది దేన్ని?

ప్రశ్న: విజయవాడలో మా ఇంటి పై అంతస్తులో చిన్న యోగా, వెల్‌నెస్ కేంద్రం నడుపుతున్నాను. ఏడాది క్రితం నగలు తాకట్టు పెట్టి ఒక ఎనర్జీ బ్యాలెన్సింగ్ యంత్రం కొన్నాను. క్లయింటు ఒక చేతికి లోహపు కడ్డీ ఇచ్చి, రెండో చేతి వేళ్లపై పెన్నులాంటి ప్రోబ్ ఆనిస్తే, ఒక్కో అవయవం ‘శక్తి’ ఎంతో సున్నా నుంచి వంద వరకు ల్యాప్‌టాప్‌లో కనిపిస్తుంది. ఆ తర్వాత బ్యాలెన్సింగ్ బటన్ నొక్కితే ఇరవై నిమిషాలు నడుస్తుంది. కొత్తగా కొన్న విండోస్ 11 ల్యాప్‌టాప్‌కు ఇది కనెక్ట్ కావడం లేదు. పాత ల్యాప్‌టాప్‌లో పని చేస్తోంది కానీ, అరగంట తేడాతో ఒకే మనిషికి వేర్వేరు రీడింగులు వస్తున్నాయి. మొన్న ఒక పెద్దాయన, ‘ప్యాంక్రియాస్ గీత ఆకుపచ్చగా ఉంది కదమ్మా, షుగర్ మాత్ర సగం చేసుకోనా?’ అని అడిగారు. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. సెషన్లు సరిగ్గా ఎలా నిర్వహించాలి?

జవాబు: ఆ పెద్దాయన షుగర్ మాత్ర సంగతితో మొదలుపెడతాను. మిగిలినవి నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు, ఇది మాత్రం ఆగదు. ఆ పెద్దాయనకు ఈ రోజే ఫోన్ చేసి, మాత్ర తగ్గించాలా వద్దా అన్నది ఆయనను చూస్తున్న డాక్టరే చెప్పాలని, తెర మీది ఆకుపచ్చ గీతకూ ఆయన రక్తంలోని షుగర్‌కూ ఏ సంబంధమూ లేదని స్పష్టంగా చెప్పండి. గడచిన రెండు మూడు నెలల్లో షుగర్ ఎలా ఉందో హెచ్‌బీఏ1సీ రక్త పరీక్ష చెబుతుంది. ఈ పూట ఎంత ఉందో వేలి చివర రక్తపు చుక్కతో గ్లూకోమీటర్ చెబుతుంది. సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తామని చెప్పుకొనే స్మార్ట్‌వాచీలు, ఉంగరాలలో ఒక్కదానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించింది. అంత పెద్ద కంపెనీలు సాధించలేనిది ఒక లోహపు కడ్డీ సాధించిందని నమ్మడానికి ఆధారం లేదు.

ఇక యంత్రం సంగతి. మీరు వర్ణించిన పద్ధతికి మూలం జర్మనీలో ఉంది. రైన్‌హోల్డ్ వోల్ అనే జర్మన్ వైద్యుడు 1950ల్లో చైనా ఆక్యుపంక్చర్ బిందువుల భావనకు ఒక విద్యుత్ మీటరును జోడించి దీన్ని రూపొందించారు. ముల్లు 50 దగ్గర నిలిస్తే సమతుల్యత, అంతకు మించితే ఒక రకం లోపం, తగ్గితే మరో రకం లోపం అని ఆయన పద్ధతి చెబుతుంది. మీ ల్యాప్‌టాప్ తెర మీద రంగురంగుల గీతలుగా కనిపిస్తున్నది ఆ ముల్లే. కడ్డీ నుంచి ప్రోబ్ దాకా చాలా స్వల్పమైన విద్యుత్తు, అంటే కొన్ని మైక్రో ఆంపియర్లు మాత్రమే, మనిషి శరీరం గుండా పంపి, చర్మం దాన్ని ఎంతగా అడ్డుకుంటోందో యంత్రం కొలుస్తుంది. అది కొలిచేది ఆ ఒక్క అంకెనే. కాలేయం, మూత్రపిండం, థైరాయిడ్ అన్న పేర్లన్నీ ఆ అంకె వచ్చాక సాఫ్ట్‌వేర్ తన పట్టికలోంచి తీసి పక్కన పెట్టేవే.

ఈ మాట నా మీద నమ్మకంతో ఒప్పుకోవలసిన పని లేదు. ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి తెచ్చి, ఓమ్ గుర్తు దగ్గర పెట్టి, రెండు మొనలనూ రెండు చేతుల వేళ్లతో పట్టుకుని చూడండి. పొడి చేతులైతే లక్షల ఓమ్‌లలో అంకె కనిపిస్తుంది. వేళ్లను నీళ్లలో ముంచి, దులిపి, మళ్లీ పట్టుకోండి. అంకె ఒక్కసారిగా పడిపోతుంది. ఇప్పుడు మొనలను గట్టిగా నొక్కండి, ఇంకా పడిపోతుంది. ఈ లోపు మీ అవయవాలలో ఏ మార్పూ జరగలేదు. మారింది చర్మం మీది తడి, లోహం తాకే వైశాల్యం మాత్రమే. మీ క్లయింటుకు అరగంటలో రీడింగులు ఎందుకు మారాయో ఇక్కడే తేలిపోతుంది: బహుశా మొదటిసారి ఆయన ఎండలో మెట్లెక్కి చెమటతో వచ్చి కూర్చున్నారు, రెండోసారికి ఫ్యాను కింద ఆరారు, మొదటిసారి మీరు ప్రోబ్‌ను కాస్త గట్టిగా ఆనించారు, రెండోసారి చేయి అలసి తేలికగా ఆనించారు. రెండు రీడింగులూ నిజమే, కానీ రెండూ చర్మాన్ని గురించిన నిజాలు.

కొన్నాళ్ల కిందట ఒక కేంద్రంలో, ఈ కోవకే చెందిన ‘క్వాంటమ్ అనలైజర్’ అనే యంత్రాన్ని, నిర్వాహకుల అనుమతితో, నేను దగ్గర కూర్చుని పరీక్షించాను. వయసు ముప్ఫై అని నింపి కడ్డీ పట్టుకున్నాను. తర్వాత అన్ని వివరాలూ అవే ఉంచి వయసు మాత్రం డెబ్బై అని మార్చి మళ్లీ పట్టుకున్నాను. రెండో రిపోర్టులో నా ఎముకల సాంద్రత తగ్గింది, రక్తనాళాలు బిరుసెక్కాయి. ఆఖరికి కడ్డీకి తడి చేతిరుమాలు చుట్టి బల్ల మీద వదిలేశాం. నిమిషం తిరగకుండానే పిత్తాశయం మొదలుకొని విటమిన్ల దాకా పేజీలకు పేజీలు రిపోర్టు వచ్చింది. ఆ కేంద్రం నడిపే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన ఎవరినీ మోసం చేయాలనుకున్న మనిషి కాదు. యంత్రాన్ని ఆయనకు అమ్మినవారు తాము చెప్పవలసింది చెప్పలేదు, అంతే. మీ పరిస్థితి కూడా అదే అయి ఉంటుందని నా అభిప్రాయం. అందుకే మీరూ మీ యంత్రంతో ఈ రుమాలు పరీక్ష చేసి చూడండి.

విండోస్ 11 సమస్యకు ఎక్కువ సందర్భాల్లో కారణం యంత్రం కాదు, దాని కేబుల్‌లోని చిప్పు. ఇలాంటి పరికరాలు యూఎస్‌బీని పాత సీరియల్ పోర్టుగా మార్చే చవక చిప్పు మీద ఆధారపడతాయి. డివైస్ మేనేజర్ తెరిచి, పోర్ట్స్ విభాగంలో చూడండి. పీఎల్2303హెచ్‌ఎక్స్‌ఏ అనే పేరు పక్కన, ఆ చిప్పును 2012లోనే నిలిపివేశామని, సరఫరాదారును సంప్రదించమని సందేశం కనిపిస్తే, ఎన్నిసార్లు డ్రైవర్ వేసినా ప్రయోజనం ఉండదు. కేబుల్ విడిగా ఊడివచ్చే రకమైతే కొత్త చిప్పున్న కేబుల్ మార్చుకోవాలి. పసుపు త్రికోణం మాత్రమే కనిపిస్తే, విండోస్ సెక్యూరిటీలోని మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ పాత డ్రైవర్‌ను అడ్డుకుంటూ ఉండవచ్చు. దాన్ని ఆపేయమని, యాంటీవైరస్ కూడా తీసేయమని అమ్మినవారు సలహా ఇస్తే వినవద్దు. ఆ ల్యాప్‌టాప్‌లోనే మీ బ్యాంకు లావాదేవీలు కూడా ఉంటాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, పాత ల్యాప్‌టాప్‌ను ఈ ఒక్క పనికే కేటాయించి, ఇంటర్నెట్‌కు కలపకుండా వాడటం ఉన్నవాటిలో మెరుగైన మార్గం.

సెషన్ సమయంలో ల్యాప్‌టాప్ ఛార్జర్ తప్పనిసరిగా తీసివేయండి. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో ఛార్జింగ్ పెట్టిన ల్యాప్‌టాప్ లోహపు అంచును తాకితే జివ్వుమనడం మీరూ గమనించే ఉంటారు. రోగికి తగిలించే వైద్య పరికరాల ప్రమాణం మామూలు స్థితిలో అలా లీకయ్యే విద్యుత్తును 100 మైక్రో ఆంపియర్లకు పరిమితం చేస్తుంది. మామూలు ల్యాప్‌టాప్ అడాప్టర్‌ను అంత కట్టుదిట్టంగా తయారు చేయరు. పేస్‌మేకర్ ఉన్నవారికి, గర్భిణులకు, మూర్ఛ వ్యాధి ఉన్నవారికి యంత్రం తగిలించనే వద్దు. ఒకరి తర్వాత ఒకరు పట్టుకునే కడ్డీని ప్రతిసారీ స్పిరిట్‌తో తుడవండి.

అయితే ఈ యంత్రంతో నిజాయితీగా చేయగలిగిన పని ఏమీ లేదా అంటే, ఒకటి ఉంది. అరచేతుల్లోని స్వేద గ్రంథులు మన ఆందోళనకు వెంటనే స్పందిస్తాయి. మనసు కుదుటపడితే చర్మం ఆరి, నిరోధం పెరుగుతుంది. మనస్తత్వ శాస్త్ర ప్రయోగశాలల్లో దీన్ని చాలా కాలంగా వాడుతున్నారు. మీరు యోగా నేర్పేవారు కాబట్టి, అవయవాల పేర్లున్న తెరను మూసివేసి, ముడి రీడింగు ఒక్కటే చూపించే తెర ఉంటే దాన్ని క్లయింటు ఎదుట పెట్టి, పది నిమిషాలు నెమ్మదిగా శ్వాస తీసుకునేటప్పుడు ఆ గీత ఎలా కదులుతోందో ఆయననే చూడనివ్వండి. ప్రోబ్ వద్దు, రెండు వేళ్లకు కదలకుండా చుట్టే పట్టీలైతే ఒత్తిడి తేడా రాదు. అక్కడ ఉపశమనం ఇచ్చేది శ్వాస. యంత్రం అద్దం పడుతుంది. ఫీజు దానికి తీసుకోండి, అందులో తప్పు లేదు. ఆకుపచ్చ, ఎరుపు గీతల రిపోర్టును మాత్రం ప్రింటు తీసి ఎవరి చేతికీ ఇవ్వవద్దు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం తన పట్టికలో 54 వ్యాధులను, పరిస్థితులను పేర్కొని, వాటిని గుర్తిస్తామని గానీ నయం చేస్తామని గానీ ప్రకటన ఇవ్వడాన్ని నిషేధించింది. మధుమేహం, క్యాన్సర్, పక్షవాతం అందులో ఉన్నాయి. మీ గుమ్మం ముందు పెట్టిన బోర్డు, వాట్సాప్ స్టేటస్ కూడా ప్రకటనలే అవుతాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో రోగ నిర్ధారణకు ఉద్దేశించిన పరికరాలన్నీ, సాఫ్ట్‌వేర్‌తో సహా, వైద్య పరికరాల నియంత్రణ కిందికి వచ్చాయి. వాటిని నియంత్రించే కేంద్ర సంస్థ సీడీఎస్‌సీవో ఇచ్చే నమోదు సంఖ్య ఇవ్వమని మీకు అమ్మినవారిని రాతపూర్వకంగా అడగండి. ఐరోపా మార్కెట్‌కు వాడే సీఈ గుర్తు చూపిస్తే అది జబ్బును గుర్తిస్తుందనడానికి రుజువు కాదు. ‘ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్’ అన్న మాట కూడా అనుమతి కాదు: విలియమ్ నెల్సన్ తయారు చేసిన ఈపీఎఫ్‌ఎక్స్ అనే యంత్రం ఒత్తిడిని గమనించే బయోఫీడ్‌బ్యాక్ పరికరంగా నమోదై, జబ్బులు నయం చేసే యంత్రంగా వేల సంఖ్యలో అమ్ముడైంది. 2007లో సియాటిల్ టైమ్స్ పత్రిక దాని గుట్టు బయటపెట్టిన తర్వాత ఎఫ్‌డీఏ దాని దిగుమతిని నిషేధించింది. తప్పుడు హామీతో అమ్మి ఉంటే, రసీదు, ఆ బ్రోచరు, రుమాలు పరీక్ష వీడియో దగ్గర పెట్టుకుని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేసే విషయమై న్యాయవాదిని సంప్రదించండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. తెనాలిలో ఉన్న మా అమ్మ ప్రతి నెలా డబ్బు కట్టి ‘రిమోట్ ఎనర్జీ సెషన్’ తీసుకుంటోంది. ఫొటో, పుట్టిన తేదీ పంపితే చాలట, వాళ్ల ఊళ్లోనే కూర్చుని యంత్రంతో సరిచేస్తారట. సాంకేతికంగా ఇది సాధ్యమేనా?

జవాబు: సాధ్యం కాదు. మీ అమ్మగారికి తగిలించిన సెన్సర్ ఏదీ లేనప్పుడు ఆమె శరీరం నుంచి ఆ యంత్రానికి సమాచారం చేరే దారే లేదు. ఫొటో అంటే వాట్సాప్ కుదించి పంపిన పిక్సెళ్ల ఫైలు. అందులో రంగులు ఉంటాయి, నాడి ఉండదు. ఈ ఆలోచన కొత్తదీ కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన ఆల్బర్ట్ అబ్రామ్స్ అనే వైద్యుడు వందేళ్ల కిందట, ఎండిన రక్తపు చుక్క పోస్టులో పంపితే పెట్టెలాంటి యంత్రంతో జబ్బు చెబుతామని అమెరికా అంతటా పేరు పొందారు. అనుమానం వచ్చి ఒకరు కోడి రక్తం పంపిస్తే, దానికీ జబ్బుల పేర్లు రాసి తిప్పి పంపారు. సైంటిఫిక్ అమెరికన్ పత్రిక కమిటీ పరిశోధించి, 1924లో ఆ పద్ధతికి విలువ లేదని తేల్చింది.

మీరు అక్కడి నుంచి ఫోన్లో వాదిస్తే అమ్మగారు నొచ్చుకుంటారు తప్ప మానరు. నెలకోసారి ఎవరో తీరిగ్గా ఆమె ఒంట్లో ఎలా ఉందని అడుగుతున్నారు, బహుశా ఆమె డబ్బు కడుతున్నది దానికే. ఆ ఖర్చును తెనాలిలోనే ఒక ఫిజీషియన్ దగ్గర పరీక్షలకు మళ్లించి, ఆ రోజు వీడియో కాల్‌లో మీరు కూడా పక్కన ఉండే ఏర్పాటు చేయండి. యూపీఐ ఆటోపే ఏదైనా పెట్టి ఉంటే, ఆమె ఫోన్లో ఆ యాప్ తెరిచి మ్యాండేట్ రద్దు చేయించడం మరచిపోవద్దు.

ప్రశ్న: కరీంనగర్‌లో ఫిజియోథెరపిస్ట్ మా నాన్నగారి నడుము నొప్పికి టెన్స్ యంత్రం పెడుతున్నారు. అది కూడా ఇలాంటిదేనా? ఆన్‌లైన్‌లో కొని ఇంట్లో వాడవచ్చా?

జవాబు: అది వేరు. టెన్స్ యంత్రం రోగాన్ని గుర్తిస్తానని చెప్పదు. అతికించిన ప్యాడ్‌ల ద్వారా చర్మం కింది నరాలను ఉత్తేజపరచి నొప్పి తెలియడాన్ని కొంతసేపు తగ్గించడమే దాని ఉద్దేశం. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన గేట్ కంట్రోల్ సిద్ధాంతం, అంటే స్పర్శ సంకేతాలు నొప్పి సంకేతాలను వెన్నుపాము దగ్గరే అడ్డుకోగలవన్న భావన, దీనికి పునాది. అందరికీ ఒకే ఫలితం ఇవ్వదు, మూల కారణాన్ని నయం చేయదు. ప్యాడ్ ఎక్కడ అతికించాలో, ఎంత తీవ్రతలో పెట్టాలో ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకున్నాకే, బ్యాటరీతో నడిచే రకం కొనండి. మెడ ముందు భాగాన, ఛాతీకి అడ్డంగా ప్యాడ్‌లు పెట్టరాదు. పేస్‌మేకర్ ఉంటే అసలు వాడరాదు.

ప్రశ్న: మా వెల్‌నెస్ సెంటర్లో క్లయింట్ల రిపోర్టులు నా సొంత ఫోన్ నుంచి వాట్సాప్‌లో పంపుతున్నాను. పర్వాలేదా?

జవాబు: మీ ఫోన్ గ్యాలరీలో, అక్కడి నుంచి గూగుల్ ఫొటోస్ బ్యాకప్‌లో, మీ ఇంట్లో ఆ ఫోన్ పట్టుకునే ప్రతివారి కళ్లలో ఆ రిపోర్టులు ఉంటున్నాయని గుర్తుంచుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, ఏ సమాచారం దేనికి తీసుకుంటున్నారో ముందే చెప్పి సమ్మతి పొందాలి, పని తీరాక చెరిపివేయాలి. కేంద్రానికి విడిగా ఒక నంబరు పెట్టుకోండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్ కింద ఉన్న మీడియా విజిబిలిటీ ఆపేయండి. పంపే పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ను క్లయింటుకు నోటితోనే చెప్పండి.