మా తమ్ముడి మాట లంకె తప్పింది, యాప్ చెప్పేస్తుందా?

ప్రశ్న: మేడం నమస్తే. మాది గుత్తి దగ్గర పల్లె. మా తమ్ముడికి 20 ఏళ్లు, కర్నూల్లో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. దసరాకి ఇంటికొచ్చినోడు మళ్లీ కాలేజీకి పోలేదు. రాత్రంతా మేలుకోనుంటాడు, ఒక మాట మొదలుపెట్టి యాడికో పోతాడు. మొన్న అన్నం తిన్నావా అని అడిగితే "అన్నం వండింది ఎవురు, కరెంటోళ్లు వైరు మార్చినారు, అందుకే సారు నన్ను చూస్తాండాడు" అన్నాడు. జేజి గాలి సోకిందంటే తాయెత్తు కట్టించినాము. మా ఫ్రెండేమో ఫోన్లో ఒక యాప్ ఉంది, రెండు నిమిషాల మాట రికార్డు చేస్తే జబ్బు ఉందో లేదో కంప్యూటరే చెప్తుందంట అనింది. వాడికి తెలీకుండా రికార్డు చేయమంటారా?
- ఒక అక్క, అనంతపురం జిల్లా

జవాబు: ముందు చేయాల్సింది చెప్తానమ్మా, యాప్ సంగతి తర్వాత. ఈ వారంలోనే తమ్ముడిని సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకుపో. అనంతపురం పెద్దాసుపత్రిలో ఉన్నారు, కర్నూలు పెద్దాసుపత్రిలో ఉన్నారు, మీకు ఏది దగ్గరైతే అది. నిద్ర లేకపోవడం, కాలేజీ మానేయడం, ఎవరో నన్ను చూస్తున్నారనడం, మాట లంకె తప్పడం, ఇన్నీ కలిసి వచ్చినప్పుడు ఆగకూడదు. సైకోసిస్ అంటే ఏది నిజమో ఏది కాదో మనసుకి తేడా తెలీకుండా పోవడం, అది మొదట్లో ఇట్లే ఉండొచ్చు, వైద్యం ఎంత లేటైతే కోలుకోవడం అంత కష్టమవుతుంది. తాయెత్తు ఉంటే ఉండనీ, దాన్ని తెంపి జేజితో గొడవ పెట్టుకోవద్దు, ఆసుపత్రికి మాత్రం పోండి. చచ్చిపోతా అన్నా, ఎవరి మీదికైనా పోయినా, ఓపీ రోజు కోసం చూడకుండా అప్పుడే క్యాజువాలిటీకి తీసుకుపోవాల.

ఇంక మీ ఫ్రెండు చెప్పింది. ఆ యాప్ ఏదో గానీ దాని వెనక ఉండే ఆలోచన ఉత్తదేం కాదు. సైకోసిస్ వచ్చే జబ్బుల్లో ఒకదానికి స్కిజోఫ్రీనియా అనే పేరు 1908లో పెట్టిన స్విట్జర్లాండ్ డాక్టరు యూజెన్ బ్లాయిలర్, ఆలోచనకీ ఆలోచనకీ మధ్య లంకె వదులవడమే ఈ జబ్బులో ముఖ్యమైన గుర్తు అన్నాడు. అప్పటినుంచీ మేం డాక్టర్లం దాన్ని చెవితోనే పట్టుకుంటున్నాం. కంప్యూటర్ ఆ వదులుని కొలుస్తుంది, అంతే తేడా. ఎట్లంటే, గుట్టలు గుట్టలు రాతలు చదివించి ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో చూసి ప్రతి మాటనీ అంకెల వరసగా మారుస్తారు, అప్పుడు శెనక్కాయ, వాన, సేద్యం దగ్గరదగ్గరగా పడతాయి, అన్నం ఒక పక్క, కరెంటు వైరు ఇంకో పక్క పడతాయి. తర్వాత మనిషి చెప్పిన వాక్యానికీ దాని వెంటనే వచ్చే వాక్యానికీ ఎంత దూరమో లెక్కేస్తుంది. మీ తమ్ముడు అన్నం మీద నుంచి వైరు మీదికి దూకినాడే, ఆ దూకుడు అక్కడ అంకెగా కనబడుతుంది.

2015లో కొలంబియా యూనివర్సిటీ, ఐబీఎం వాళ్లు కలిసి న్యూయార్క్‌లో ఒక పరిశోధన అచ్చేసినారు. జబ్బు రావచ్చనే అనుమానం ఉన్న 34 మంది పిల్లల్ని గంటసేపు మాట్లాడించి, తర్వాత రెండున్నరేళ్ల దాకా గమనిస్తే 5 మందికి సైకోసిస్ వచ్చింది. ఆ 5 మందినీ మొదటి ఇంటర్వ్యూ మాటల్లోంచే కంప్యూటర్ తప్పు లేకుండా విడదీసింది. వినడానికి ఎంత బాగుందో కదా, అయితే 34 మంది అంటే ఒక క్లాసు రూములో సగం కూడా కాదు. 2018లో ఇట్లాంటిదే ఇంకో పరిశోధనలో కంప్యూటర్‌కి లాస్ ఏంజెలెస్ పిల్లల మాటల మీద నేర్పిస్తే 83 శాతం సరిగ్గా చెప్పింది, అదే పద్ధతిని న్యూయార్క్ పిల్లల మీద పెడితే 79కి దిగింది. మనిషి మారితే, ఊరు మారితే దిగుతుంది. బ్రెజిల్‌లో నటాలియా మోటా వాళ్లు ఇంకో దారి పట్టినారు, ప్రతి మాటనీ ఒక చుక్క చేసి వరసగా గీతలు కలిపితే ముగ్గు లాంటిది వస్తుంది, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ల ముగ్గులో గీతలు తక్కువ, చుక్కలు ఒకదానితో ఒకటి అంతగా అల్లుకోవు. అది నిన్న ఏం చేసినావు అని అడిగినప్పటికంటే రాత్రి వచ్చిన కల చెప్పించినప్పుడే బాగా తేలిందంట. నాకు చాలా నచ్చిన పని అది.

కానీ నాకున్న భయం మన భాష గురించి. న్యూయార్క్ వాళ్ల లెక్కలో ఇంగ్లీషు దట్, వాట్, విచ్ లాంటి మాటలు ఎన్నిసార్లు వాడినారనేది కూడా ఒక గుర్తు. మనకి ఆ పని సగం "వచ్చినోడు", "చేసింది" అని క్రియలోనే అయిపోతుంది. మన గుంతకల్లు, ఆలూరు దిక్కు ఒకే మాటలో తెలుగు, కన్నడం కలిసిపోతాయి, కర్నూల్లో ఉర్దూ కూడా చేరుతుంది, ఇంగ్లీషు మీద పెరిగిన మిషన్‌కి మంచిగా ఉన్న మనిషి మాట కూడా తెగినట్టు కనబడొచ్చు. మన జిల్లాల మనుషుల మాటలు, జబ్బు ఉన్నవాళ్లవీ లేనివాళ్లవీ వేలల్లో, వాళ్ల ఒప్పుకోలుతో పోగుచేసి నేర్పిస్తేనే ఇది మనకి పనికొస్తుంది, అట్లా చేస్తామని ఎవరైనా వస్తే నేను నా ఓపీ అయిపోయినాక కూర్చుని సాయం చేస్తాను.

దొంగతనంగా రికార్డు మాత్రం వద్దే వద్దు తల్లీ. ఎవరో నన్ను చూస్తున్నారని భయపడే పిల్లోడికి అక్కే చాటుగా ఫోన్ పెట్టిందని తెలిస్తే ఆ భయం నిజమైపోతుంది, ఇంక నీతో ఆసుపత్రికి రాడు. పైగా ఆ గొంతు ఏ కంపెనీ దగ్గరికి పోతుందో నీకు తెలీదు. దానికి బదులు ఒక నోటుబుక్కులో రాయి. ఏ తేదీ నుంచి మారినాడు, రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నాడు, ఒక్కడే మాట్లాడుకుంటున్నాడా, గంజాయి లాంటివేమైనా అలవాటయిందా, ఇంట్లో ముందు ఎవరికైనా ఇట్లా వచ్చిందా. నువ్వు నాకు రాసిన ఆ అన్నం, కరెంటు వైరు మాట ఉంది చూడు, ఒక్క అక్షరం సరిచేయకుండా అట్లే రాసుకుని డాక్టరుకి చూపించు. నాకు ఆ ఒక్క వాక్యం రెండు నిమిషాల రికార్డు కంటే ఎక్కువ చెప్పింది. వాడు రానని మొండికేస్తే 14416కి ఫోన్ చెయ్యి, టెలి మానస్, ప్రభుత్వానిది, ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, ఎట్లా ఒప్పించాలో వాళ్లే చెప్తారు.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీలో 1000 మంది పిల్లలున్నారు. అందరి మాటా రికార్డు చేసి కంప్యూటర్‌తో ముందే కనిపెట్టొచ్చు కదా?
- లెక్చరర్, కడప

జవాబు: సార్, మీ ఉద్దేశం మంచిదే, లెక్క ఒకసారి చూడండి. 1000 మందిలో 10 మందికి జబ్బు మొదలవుతోంది అనుకుందాం, మిషన్ 80 శాతం కరెక్ట్ అనుకుందాం. ఆ 10 మందిలో 8 మందిని పడుతుంది. మిగతా 990 మందిలో 198 మందిని ఊరికే పడుతుంది. అంటే పేరు పిలిచిన 206 మందిలో 198 మందికి ఏమీ లేదు. కాలేజీలో ఒకసారి మెంటల్ అనే మాట పడితే ఆడపిల్లకైతే పెళ్లి సంబంధాల దాకా అది వెంటాడుతుంది. మానసిక వైద్యం విషయాలు గోప్యంగా ఉండటం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు, కాలేజీ నోటీసు బోర్డుకి ఎక్కేవి కావు. దానికి పెట్టే డబ్బుతో వారానికి రెండు రోజులు ఒక కౌన్సెలర్‌ని పెట్టండి, హాజరు ఒక్కసారిగా పడిపోయిన పిల్లల ఇంటికి మీరే ఫోన్ చేయండి.

ప్రశ్న: మా అమ్మకి 68. నాయన పోయినాక మాట నెమ్మదైపోయింది, గొంతు పడిపోయింది. ఇది డిప్రెషనా?
- కొడుకు, ఆదోని

జవాబు: కావచ్చు నాయనా. డిప్రెషన్‌లో మాట నిదానిస్తుంది, మధ్యలో గ్యాపులు పెరుగుతాయి, గొంతులో ఎత్తుపల్లాలు పోతాయి, కంప్యూటర్లు కొలిచేది కూడా ఇవే. 2004లో ఇంగ్లీషు వ్యాసాలు చూసి డిప్రెషన్ ఉన్న కాలేజీ పిల్లలు "నేను" అనే మాట ఎక్కువ వాడతారని తేల్చినారు, మీ అమ్మ మాటల్లో మాత్రం అది వెతకొద్దు, "తినబుద్ధి కాలే, నిద్ర రాలే" అంటుంది, అందులో నేను అనే మాటే ఉండదు, బాధంతా ఆమెదే. థైరాయిడ్ తక్కువైనా గొంతు బొంగురుపోయి మనిషి మందగిస్తుంది, చెవుడు మొదలైనా మాట తగ్గిస్తారు, వణుకుడు జబ్బు పార్కిన్సన్స్‌లో కూడా గొంతు చిన్నబోతుంది. కాబట్టి ముందు జనరల్ డాక్టరుకి చూపించి థైరాయిడ్ టెస్టు చేయించు, తర్వాత సైకియాట్రిస్టు. సాయంత్రం పూట పక్కన కూర్చుని మీ నాయన గురించి ఏదైనా అడుగు, ఎంతసేపటికి జవాబు వచ్చినా మధ్యలో నువ్వు అందుకోవద్దు.