ఫ్రెంచ్, సినిమా కలిపి చదవొచ్చా అంటే, కలిపే చదవండి అంటాను

అడిగినవారు హైదరాబాద్‌లో ఎంఏ ఫ్రెంచ్‌లో చేరదామనుకుంటున్నారు. ఎలెక్టివ్‌లుగా సినిమా పేపర్లు తీసుకునే వీలుందట. ఇంట్లోవాళ్లేమో "ముందు భాష సరిగ్గా నేర్చుకో, సినిమాలు ఇంట్లో కూర్చుని కూడా చూడొచ్చు" అంటున్నారట. అలా రెండూ చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ప్రశ్న.

నేనున్నాను. ఎంఏ చదివినన్నాళ్లూ నాకు భాష, సినిమా పక్కపక్కనే నడిచాయి. ఇప్పుడు సబ్‌టైటిళ్లు రాసే పనిలో ఉన్నాను కాబట్టి నా తిండి కూడా ఆ రెంటి మీదే. మీ ఇంట్లోవాళ్ల మీద గౌరవంతోనే చెప్తున్నా, భాష రాకుండా ఇంట్లో కూర్చుని ఫ్రెంచ్ సినిమా చూస్తే కళ్లు తెర అడుగున వచ్చే ఆ రెండు లైన్ల మీదే ఉంటాయి. పైన ఒక ముఖం మారుతుంటుంది, తలుపు దగ్గర ఇంకెవరో నిలబడి వింటుంటారు, అవేవీ కనపడవు. భాష వస్తేనే కళ్లకు తీరిక దొరుకుతుంది. ఇక సినిమా వదిలేసి భాష ఒక్కటే చదివినవాళ్లను చూశాను, గ్రామర్ అంతా నోటికొస్తుంది, వ్యాసాలు రాస్తారు, ఎదురుగా ఒక ఫ్రెంచ్ మనిషి మామూలు స్పీడులో మాట్లాడితే బిగుసుకుపోతారు.

దీనికి కారణం మన చెవి అని నా గట్టి నమ్మకం. మన తెలుగువాళ్ల చెవి డబ్బింగ్ థియేటర్‌లో తయారైంది. చిన్నప్పటి నుంచి మనం విన్న సినిమా మాటలన్నీ దాదాపుగా తర్వాత స్టూడియోలో మైకు ముందు నిలబడి చెప్పినవే, హీరోయిన్‌కైతే చాలాసార్లు గొంతే వేరేవాళ్లది. ప్రతి అక్షరం కడిగిన ముత్యంలా వినపడుతుంది. ఫ్రెంచ్‌లోనూ డబ్బింగ్ చెప్పిన గొప్ప సినిమాలున్నాయి, 1960లో వచ్చిన ఫ్రెంచ్ దర్శకుడు గొదార్ ‘బ్రెత్‌లెస్’ను చప్పుడు చేసే కెమెరాతో తీశారు కాబట్టి మాటలన్నీ తర్వాత చెప్పించినవే. కానీ సింక్ సౌండ్‌తో, అంటే షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేసి, తీసిన సినిమాలకు వచ్చేసరికి కప్పుల చప్పుడు, వీధిలో కార్లు, ఒకరి మాట మీద ఇంకొకరి మాట, అన్నీ కలిసి వస్తాయి. బయట ప్రపంచంలో భాష ఉండేది అలాగే కదా. పాఠ్యపుస్తకంతో వచ్చే ఆడియోలో అంత నెమ్మదిగా, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుకునే మనుషులు ఏ ఊళ్లో ఉంటారో నాకు ఇప్పటికీ తెలీదు.

ఒక క్లాసు గురించి చెప్పాలి. మధ్యాహ్నం క్లాసు, అన్నం తిని వచ్చి అందరం నిద్రమొహాలతో కూర్చున్నాం. మేడమ్ లాప్‌టాప్‌కు స్పీకర్లు తగిలించి, ప్రొజెక్టర్ మాత్రం ఆన్ చేయకుండా, "ఇవాళ బొమ్మ లేదు. వినండి, వినపడింది రాయండి" అన్నారు. ఒక ఆడగొంతు ప్రశ్నలు అడుగుతోంది, ఒక పిల్లాడు జవాబు చెప్తున్నాడు, కొద్ది నిమిషాలు, అంతే. డిగ్రీలో టాపర్లున్నారు ఆ క్లాసులో, బీ2 (ఆరు మెట్లలో నాలుగోది) సర్టిఫికెట్ చేతిలో ఉన్నవాళ్లున్నారు, నోటుబుక్కుల్లో తలా నాలుగు ముక్కలు తప్ప ఏమీ పడలేదు. వాడు మాటలు మింగేస్తున్నాడు, మధ్యలో ఆగుతున్నాడు, మొదలుపెట్టిన వాక్యం వదిలేసి ఇంకోటి అందుకుంటున్నాడు. మేం ఏళ్లుగా బట్టీపట్టిన నెగెటివ్ వాక్యాల్లో క్రియకు ముందు ఉండాల్సిన ‘న’ అనే ముక్క అసలు వినిపించట్లేదు, ఎందుకంటే మాట్లాడేటప్పుడు వాళ్లు దాన్ని ఎగరగొట్టేస్తారు, ఆ సంగతి అప్పటిదాకా మాకు ఎవరూ గట్టిగా చెప్పలేదు.

నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన నా ఫ్రెండ్ ఒకమ్మాయి, పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్‌లో ఫ్రెంచ్ లేదు, క్లాసులో నోరు విప్పదు. ఆ రోజు చెయ్యెత్తి తెలుగులోనే చెప్పింది. "ఎవరో పోరడు మేడమ్. వాళ్ల అమ్మమ్మ గురించి చెప్తుండు. పైసలు దొంగతనం చేసినట్టుండు. వాళ్లమ్మ మీద కోపం ఉంది వానికి."

మేడమ్ ఏమీ అనకుండా ప్రొజెక్టర్ ఆన్ చేశారు. అది 1959లో ఫ్రెంచ్ దర్శకుడు త్రూఫో తీసిన ‘ఫోర్ హండ్రెడ్ బ్లోస్’లో సైకాలజిస్ట్ సీను. టైప్‌రైటర్ దొంగిలించాడని పిల్లాణ్ని సంస్కరణ కేంద్రంలో పడేస్తే అక్కడ అడిగే ప్రశ్నలు అవి. అమ్మమ్మ దగ్గర డబ్బు తీశానని వాడు నిజంగానే చెప్తాడు. తను పుట్టడం అమ్మకు ఇష్టం లేదని, అమ్మమ్మ వల్లే బతికి బయటపడ్డానని కూడా అదే గొంతుతో, భుజాలు ఎగరేస్తూ చెప్తాడు. బయటికొచ్చాక నా ఫ్రెండ్‌ను నీకెట్లా తెలిసిందే అని అడిగితే, "అమ్మమ్మ మాట వచ్చినప్పుడల్లా వాని గొంతు మారింది, నేను మా అమ్మమ్మ దగ్గర్నే పెరిగిన కదా" అంది.

కానీ అసలు పాఠం తర్వాత మొదలైంది. చెవులతో విన్నప్పుడు మేమంతా ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చున్నట్టు ఊహించుకున్నాం. తెర మీద చూస్తే పిల్లాడొక్కడే. ప్రశ్నలడిగే ఆవిడ ఒక్కసారి కూడా కనపడదు, కెమెరా వాడి మీద నుంచి కదలదు. ఎందుకు చూపించలేదు అని మేడమ్ అడిగారు, జవాబు ఫ్రెంచ్‌లోనే చెప్పాలన్నారు. ఆ పిల్లాడిగా నటించిన లెయోకు అప్పటికి పద్నాలుగేళ్లు. త్రూఫో తనే ప్రశ్నలడుగుతూ, జవాబులు ఆ కుర్రాడి సొంత మాటల్లో రానిచ్చి, ఆడగొంతును తర్వాత పెట్టాడు. ఇది తెలిశాక ఆ తడబాటు ఎక్కడిదో, వాక్యాలు ఎందుకు విరుగుతున్నాయో, కెమెరా ఎందుకు పక్కకు పోలేదో అన్నీ ఒకే ప్రశ్న అయిపోయాయి. అక్కడ గ్రామర్ ఎక్కడ ఆగింది, సినిమా ఎక్కడ మొదలైంది అని మీరు గీత గీయగలరా? ఆ గంటలో నేను మాట్లాడినంత ఫ్రెంచ్ అంతకుముందు ఏ క్లాసులోనూ మాట్లాడలేదు.

హైదరాబాద్‌లో చదవడం వల్ల ఇంకో లాభం ఉంది, దాన్నెవరూ పట్టించుకోరు. గొంతు లోపల్నుంచి వచ్చే ఫ్రెంచ్ ‘ర’ కోసం మేమంతా పుక్కిలించినట్టు తంటాలు పడుతుంటే, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పాతబస్తీ క్లాస్‌మేట్స్ సునాయాసంగా పలికేసేవాళ్లు. ఉర్దూలో ‘గజల్’ మొదటి అక్షరాన్ని సరిగ్గా పలికేవాళ్లకు ఆ ‘ర’ ఎంతో దూరం లేదు, ముక్కుతో పలికే అచ్చులు కూడా ఉర్దూలో ఉన్నాయి. ఈ ఊళ్లో ఫ్రెంచ్ చెప్పేవాళ్లు ఈ సంగతిని మొదటి రోజే వాడుకోవాలి.

ఇంటర్ గురించి కూడా అనకుండా ఉండలేను. మన దగ్గర సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకునేది మార్కుల కోసం, సంస్కృతం తీసుకున్నట్టే. తొంభైల్లో మార్కులు తెచ్చుకుని కాఫీ అడగలేని పిల్లలను ఏటా తయారుచేస్తున్నాం, అటు తెలుగూ పోతోంది, ఇటు ఫ్రెంచూ రావట్లేదు. ఇంత అందమైన భాషను ఇలా వాడటం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఎంఏలో ఫ్రెంచ్ నాగరికత పేపర్ కూడా చాలాచోట్ల నదులు, ప్రాంతాలు, అధ్యక్షుల పేర్ల జాబితా. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్ పెట్టి సినిమా చూపించారు, 1896 జూలై 7కల్లా ఆ బొమ్మలు బొంబాయి వాట్సన్ హోటల్‌కు వచ్చేశాయి. ఫ్రాన్స్‌లో 1946లోనే సినిమా కోసం ప్రభుత్వ సంస్థ పెట్టారు, అక్కడ అమ్ముడయ్యే ప్రతి టికెట్ మీద, హాలీవుడ్ సినిమా టికెట్ మీద కూడా, కొంత పన్ను తీసి కొత్త సినిమాలకు ఇస్తారు. ఒక దేశం నాగరికత అంటే ఇది కాదా? ఇది పరీక్షలో రాదు, నదుల పేర్లు వస్తాయి.

ఉద్యోగాల సంగతి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు ఫ్రెంచ్ వచ్చినవాళ్లను కస్టమర్ సపోర్ట్‌కు, కంటెంట్ చూసే పనులకు తీసుకుంటారు, బీ2 స్థాయి ఉంటే మేలు. ఫోన్‌లో అవతలివాళ్లు పారిస్ వాళ్లే ఉంటారనుకోకండి, క్యుబెక్, మొరాకో, సెనెగల్, ఎవరైనా కావచ్చు. సెనెగల్ దర్శకుడు సెంబేన్ సినిమాలు చూసినవాళ్లకు ఆఫ్రికా ఫ్రెంచ్ కొత్తగా అనిపించదు. ఇక నా పని, సబ్‌టైటిళ్లు. రెండు లైన్లు దాటకూడదు, లైనుకు నలభై చిల్లర అక్షరాలు, మనిషి చదివేంతసేపు ఉండి మాయమవ్వాలి. ఈ రంగంలో నా పెద్ద కంప్లైంట్ ఒకటే, ఫ్రెంచ్ సినిమా తెలుగులోకి వచ్చేది చాలావరకు ఇంగ్లీషు మీదుగా. దారిలో మర్యాద రాలిపోతుంది, చనువు రాలిపోతుంది, తిట్టు మెత్తబడుతుంది. ఫ్రెంచ్ నుంచి నేరుగా తెలుగులోకి రాయగలిగేవాళ్లు, అదీ షాట్ ఎక్కడ కట్ అవుతుందో చూసి రాయగలిగేవాళ్లు కావాలి. అలాంటివాళ్లు రెండూ చదివినవాళ్లలో నుంచే వస్తారు.

ఎక్కడ చదవాలంటే, తార్నాకలో ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఉంది, 1958లో ఇంగ్లీషు సంస్థగా మొదలై 2007లో యూనివర్సిటీ అయింది, అక్కడ ఫ్రెంచూ ఉంది, సినిమా అధ్యయనాలూ ఉన్నాయి. మాట్లాడే ప్రాక్టీసుకు ఫ్రెంచ్ నేర్పే సంస్థ అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది. చేరేలోపు ఫ్రెంచ్ దర్శకుడు రోమేర్ 1969లో తీసిన ‘మై నైట్ ఎట్ మాడ్స్’ చూడండి, చాలాభాగం కూర్చుని మాట్లాడుకోవడమే, సబ్‌టైటిళ్లు ఆపి ఒక పది నిమిషాలు, పెట్టి ఒకసారి, మళ్లీ ఆపి ఒకసారి.

ఫీజు కట్టేముందు సీనియర్లను ఒక్క విషయం అడగండి: సినిమా క్లాసులో చర్చ ఏ భాషలో జరుగుతుంది? ఫ్రెంచ్‌లో అయితే కళ్లు మూసుకుని చేరిపోండి. ఇంగ్లీషులో అంటే, కనీసం అసైన్‌మెంట్లు ఫ్రెంచ్‌లో రాయనిస్తారా అని డిపార్ట్‌మెంట్‌ను అడిగి, ఒప్పించి, అప్పుడు ఆ పేపర్ తీసుకోండి.