డిసెంబరు ఆదాయాన్ని నమ్ముకుని అప్పు చేస్తే...

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. వయసు 41, ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. జీతం 38 వేలు, ఇంటి ఖర్చు 26 వేలు. జమ్మలమడుగులో ఉన్న నాన్నగారి ఇంటిని గండికోట చూడటానికి వచ్చేవాళ్లకు రెండేళ్లుగా రోజు అద్దెకిస్తున్నాం. ఏసీలు, మంచాలు, బాత్‌రూముల కోసం 6 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాను. ఈఎంఐ 14 వేలు. సీజన్‌లో నెలకు 50 వేల దాకా వస్తుంది. ఈమధ్య చుట్టుపక్కలవాళ్లు ఓర్వలేక ఫిర్యాదు చేస్తే పోలీసులు వచ్చి వెళ్లారు. ఇంటి మీటరుతో వ్యాపారం చేస్తున్నామని కరెంటు వాళ్లు 87 వేలు కట్టమని నోటీసిచ్చారు. బ్యాంకులో 22 వేలున్నాయి. 20 నెలల లక్ష రూపాయల చీటీలో 14 నెలలు కట్టాను. తెలిసినాయన మూడు రూపాయల వడ్డీకి 5 లక్షలిస్తానంటున్నాడు. జరిమానా కట్టేసి, మిగతా డబ్బుతో మేడ మీద ఇంకో రెండు గదులు వేస్తే రెండేళ్లలో అప్పంతా తీరుతుందని నా లెక్క. సరైనదేనా?

జవాబు: కాదు మాస్టారూ. ప్రోనోటు మీద ఇంకా సంతకం పెట్టకపోతే పెట్టకండి.

మూడు రూపాయలంటే వినడానికి చిల్లరలా ఉంటుంది. ఏడాదికి 36 శాతం అది. 5 లక్షలకు నెలకు 15 వేలు, అదీ వడ్డీ మాత్రమే. ఈఎంఐతో కలిపితే 29 వేలు. మీ జీతంలో మిగిలే 9 వేలతో ఇల్లు, చీటీ రెండూ నడపాలి. గదులు అద్దెకిచ్చుకోవద్దని ఫిర్యాదు నడుస్తుంటే, అవే గదుల్ని పెంచడానికి అప్పు చేయాలన్న ఆలోచన ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు.

మీ ఉత్తరాన్ని ఇక్కడ వేయడానికి కారణం వేరే ఉంది. మంత్రాలయంలో భక్తుల కోసం గదులు వేసినవాళ్లూ, పుట్టపర్తిలో ఇల్లు లాడ్జిగా మార్చినవాళ్లూ చేసిన పొరపాటే మీరూ చేశారు. బాగా నడిచిన నెలను చూసి అదే నెలసరి ఆదాయం అనుకోవడం. మీరు పంపిన అద్దె లెక్కల పుస్తకంలో అక్టోబరు నుంచి జనవరి వరకు నాలుగు నెలలకు 1,96,000 ఉంది. మిగతా ఎనిమిది నెలలకూ కలిపి 92 వేలు. మే నెల ఎండలో గండికోట రాళ్ల మీద నిలబడటానికి బెంగళూరు నుంచి ఎవరొస్తారు? ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగిస్తే నెలకు 24 వేలు. శుభ్రం చేసే ఆమెకు, కరెంటుకు, దుప్పట్ల ఉతుకుడుకు, యాప్ కమిషన్‌కు, రిపేర్లకు కలిపి 10 వేలు మీరే రాశారు. మిగిలింది 14 వేలు. సరిగ్గా మీ ఈఎంఐ! రెండేళ్లుగా ఆ ఇల్లు బ్యాంకుకే సంపాదించి పెడుతోంది.

ఇలాంటి ఆదాయం ఒక్క రోజులో ఆగిపోతుంది. 2011లో సత్యసాయి బాబా వెళ్లిపోయాక పుట్టపర్తిలో గదులవాళ్ల పరిస్థితి చూశాం. 2020 లాక్‌డౌన్‌లో అందరి సంగతీ చూశాం. మీకు అంత పెద్ద కారణం కూడా అక్కర్లేదు, ఎదురింటావిడ ఒక్క ఫోన్ చేస్తే చాలు. అందుకే అత్యవసర నిధి లేకుండా గదుల జోలికి పోవద్దని కనపడిన ప్రతివాళ్లకూ చెబుతుంటాను. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి మీకు నెలకు 40 వేలు కావాలి. ఆరు నెలలకు 2,40,000. అది చేతిలో ఉండి ఉంటే ఈ 87 వేల నోటీసు ఒక వారం తలనొప్పితో పోయేది. అప్పిస్తానన్న పెద్దమనిషి గుమ్మం తొక్కాల్సిన పనే ఉండేది కాదు. ఏసీలకు 6 లక్షలు దొరికినప్పుడు, ముందు రెండు ఏసీలు తగ్గించుకుని ఈ నిధి మొదలుపెట్టి ఉండాల్సింది.

సరే, ఇప్పుడేం చేయాలి? ముందు నోటీసు చదవండి. విద్యుత్ చట్టం 2003లో సెక్షన్ 126 కింద ఇచ్చిందైతే, వ్యాపార కేటగిరీ రేటుకు రెట్టింపు వేస్తారు. ఎప్పటి నుంచి వాడారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకే లెక్క కట్టాలి. ప్రొవిజనల్ (తాత్కాలిక) ఆర్డర్ అయితే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఫైనల్ ఆర్డర్ వచ్చాక 30 రోజుల్లో అప్పీలుకు వెళ్లాలంటే సగం సొమ్ము ముందు కట్టాలి. ఎన్ని నెలలకు వేశారో, ఏ రేటు వేశారో చూసుకోకుండా మొత్తం కట్టేయకండి.

కట్టాల్సిందేనని తేలితే చీటీ పాడుకోండి. ఇంకా ఆరు నెలలే ఉంది కాబట్టి పాటలో పెద్దగా పోదు. అదీ చాలకపోతే బ్యాంకులో బంగారం మీద కొంత. బంగారానికి పేరున్న ప్రొద్దుటూరులో ఉంటూ ప్రోనోటు వడ్డీకి పోవడం ఏమిటండీ! బ్యాంకులో ఉన్న ఆ 22 వేలు మాత్రం ముట్టుకోవద్దు. మీ నిధికి అదే మొదటి ఇటుక.

ఇక చుట్టుపక్కలవాళ్లు. సందులో అడ్డంగా కార్లు, అర్ధరాత్రి దాకా మేడ మీద స్పీకరు, తెల్లారితే గేటు ముందు సీసాలు. ఇవన్నీ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. దీన్ని ఓర్వలేనితనం అంటే ఎలా? వాళ్లకు నిద్ర లేదు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో కూడా యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలన్నది షరతు, గదులు ఆరుకు మించకూడదు. మీరు ప్రొద్దుటూరులో, తాళాలు పనిమనిషి దగ్గర. ఇలాగైతే ఆ దారి మీకు లేదు.

కుటుంబానికి అద్దెకిస్తే 8 వేలు వస్తుందని మీరే అన్నారు. ఇచ్చేయండి. గదులు ఆగితే నెలకు మీకు తగ్గేది 6 వేలు. జీతం, ఈ అద్దె కలిపితే ఇంటి ఖర్చుకు, ఈఎంఐకి, చీటీకి సరిపోతుంది. ఏసీలు అమ్మితే వచ్చినంత నిధిలో వేయండి. ఆరు నెలల తర్వాత చీటీకి కట్టే 5 వేలు కూడా అందులోకే. 2,40,000 చేరడానికి మూడేళ్లు పట్టవచ్చు, పట్టనివ్వండి. టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేదన్నారు, ఈ నెలలోనే తీసుకోండి. ఇంటి పాలసీ నివాసానికని తీసుకుని యాత్రికులను పెట్టారు. ఈ రెండేళ్లలో అగ్నిప్రమాదం ఏదైనా జరిగి ఉంటే క్లెయిమ్‌కు దిక్కుండేది కాదు.

ఉత్తరం చివర్లో, తిరుపతిలో ఉన్న చెల్లెలికి ఇంకా వాటా పంచలేదని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నాన్నగారు వీలునామా రాయకుండా పోయారంటున్నారు కాబట్టి ఆమెకు అందులో హక్కుంది. అద్దెకిచ్చే ముందు ఆమెతో మాట్లాడండి.