చలికి కాదు, ఎలుకకు భయపడండి

బండి ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలకు వరంగల్ మెకానిక్ జవాబులు

ప్రశ్న: మాది హనుమకొండ. నాలుగు నెలల కింద హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ జెడ్4 తీసుకున్నాను. 2011 మోడల్, టాపు మడతపడేది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా ఆఫీసు పని మీద జర్మనీలో ఉంటాను. చలికాలంలో కారు ఎలా పెట్టాలో వీడియోలు చూస్తే జాకీల మీద లేపాలి, కూలెంట్ మార్చాలి అంటూ పెద్ద లిస్టు చెప్తున్నారు. టెన్షన్‌గా ఉంది. మా తమ్ముడు వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపుతానంటున్నాడు. సరిపోతుందా?

జవాబు: తమ్ముడికి దండం పెట్టి ఆ ఒక్క పని చేయొద్దని చెప్పండి. ఐదు నిమిషాల్లో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి బయటికి పోక సైలెన్సర్‌లో, ఆయిల్‌లో ఉండిపోతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీలోంచి పోయింది కూడా తిరిగి నిండదు. తీస్తే రెండు వారాలకోసారి పొద్దున్నే ములుగు మీదుగా రామప్ప దాకా పోయి రమ్మనండి. అంత తీరిక లేకపోతే మూడు నెలలూ ముట్టొద్దు.

ఆ వీడియోలు తప్పు కాదు, కాకపోతే మన ఊరివి కావు. అక్కడ కారు మంచులో ఉంటుంది, రోడ్డు మీద ఉప్పు చల్లుతారు. మన దగ్గర ఎంత చలిపెట్టినా బకెట్లో నీళ్లు గడ్డకట్టవు. అసలు టాపు తీసి తిరగాల్సిన నెలలు ఇవే. సరిగ్గా ఇప్పుడే మీరు ఊళ్లో ఉండటం లేదు, ఏం చేస్తాం! నన్నడిగితే ఇక్కడ ఇలాంటి బండిని దాచాల్సింది వానాకాలంలో. 2023 జులైలో హంటర్ రోడ్డు వైపు కాలనీలు ఎలా మునిగాయో మీకూ తెలుసు. నేలకు అంత దగ్గరగా ఉండే కారుకు మోకాలి లోతు నీళ్లు కూడా ఎక్కువే. ఆ రోజుల్లో సెల్లార్‌లో మాత్రం పెట్టకండి.

ఇక చలికాలంలో మన శత్రువు ఎలుక. మా షెడ్డు ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర. వరి కోతలయ్యాక పొలంలో తిండి తగ్గితే ఎలుకలు ఇళ్ల మీద, గోదాముల మీద పడతాయి. ఓసారి ఒకాయన రెండు నెలలు ఊరెళ్తూ కారు నా దగ్గర పెట్టాడు. నేను పెద్ద తెలివిగా నీలం పట్టా కప్పి, నాలుగు మూలలా తాడుతో బిగించాను. సంక్రాంతి తర్వాత విప్పి స్టార్ట్ చేస్తే ఇంజన్ గజగజ వణుకుతోంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే లోపల గుప్పెడు వడ్లు, ఫిల్టర్ కాగితం చింపి కట్టుకున్న గూడు. ఇగ్నిషన్ కాయిల్‌కి పోయే వైరు మీద రబ్బరు లేదు, రాగి మెరుస్తోంది. వెచ్చగా, చీకటిగా వాటికి నేనే ఇల్లు కట్టిచ్చానన్నమాట. పట్టా కింద చెమ్మ ఆరక పెయింటు మీద తెల్ల మచ్చలు అదనం. వైరింగ్ ఖర్చు నా జేబులోంచే పోయింది.

అందుకే పట్టా వద్దు, గాలి ఆడే నూలు కవరు వేయండి. గాలి లోపలికి పోయే గొట్టానికి, సైలెన్సర్ మూతికి సన్న ఇనుప జాలి పెట్టండి. పెట్టినట్టు ఒక కాగితం మీద రాసి స్టీరింగ్‌కి కట్టండి, మార్చిలో గుర్తుండదు. పొగాకు, కలరా ఉండలు నేనూ వాడి చూశాను. వాసన తగ్గగానే ఎలుక వచ్చేసింది. బోను పెట్టి రెండ్రోజులకోసారి చూడటమే నమ్మకం. తమ్ముడికి ఆ డ్యూటీ ఇవ్వండి.

బ్యాటరీకి, నిండగానే తనంతట తాను తగ్గించుకునే చిన్న ఛార్జర్ దొరుకుతుంది, అది తగిలించి వెళ్లండి. నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. 12.4 కన్నా దిగి అలాగే నెలలు ఉంటే పాడవుతుంది. ఛార్జర్ కుదరక బ్యాటరీ వైరు విప్పితే రిమోట్ పనిచేయదు, అందుకే ముందు ఆ రిమోట్‌లో దాగి ఉండే చిన్న ఇనుప తాళంచెవితో డోరు తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లలో చాలామంది దాన్ని ఒక్కసారి కూడా బయటికి తీసి ఉండరు.

వెళ్లే ముందు ఇంజన్ ఆయిల్ మార్చండి, వచ్చాక కాదు. పాత ఆయిల్‌లోని ఆమ్లం, చెమ్మ మూడు నెలలు లోపల ఉండకూడదు. ట్యాంకు నింపండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు చెమ్మను పీలుస్తుంది, ఖాళీ జాగా ఎంత తక్కువుంటే అంత మంచిది. హ్యాండ్‌బ్రేక్ వేసి వదలొద్దు, చక్రాలకు ఇటుకలు పెట్టండి. టైర్లలో మూడు నాలుగు పాయింట్లు గాలి ఎక్కువ కొట్టిస్తే చాలు, జాకీల గొడవ అక్కర్లేదు. టైరు పక్కనుండే నాలుగు అంకెలు కూడా చదవండి. 2317 అంటే 2017లో 23వ వారం. అంత పాతవైతే అరుగుదల లేకపోయినా మార్చాల్సిందే.

ప్రశ్న: నర్సంపేటలో రిటైరైన టీచర్ని. మిషిగన్‌లో ఉండే మా అబ్బాయి పాత మాజ్డా మియాటా కొన్నాడు, టాపు తీసే రెండు సీట్ల చిన్న కారు. నవంబరులో గ్యారేజీలో పెడితే మళ్లీ ఏప్రిల్‌లోనే తీస్తాడట. అంత డబ్బు పోసింది చూసుకోవడానికా?

జవాబు: టీచరమ్మా, ఈ ఒక్క విషయంలో మీవాడిదే రైటు. అక్కడ రోడ్లకు చల్లే ఉప్పు కారు అడుగును తినేస్తుంది. పైగా ఎండాకాలానికని చేసిన టైర్లు చలి 7 డిగ్రీల కిందికి పోతే బిగుసుకుపోయి పట్టు తప్పుతాయి. ఈసారి ఫోన్ చేసినప్పుడు రెండే అడగండి: అడుగు కడిగి ఆరబెట్టాడా, టాపు వెనకాల నీళ్లు పోయే రంధ్రాలు శుభ్రం చేశాడా. పాత మియాటాలో అవి ఆకులతో పూడుకుపోతే నీళ్లు డోరు కింది రేకులోకి దిగి, లోపలి నుంచి తుప్పు పడుతుంది. మీకు ఇదంతా ఎలా తెలుసని ఆశ్చర్యపోతాడు.

ప్రశ్న: ఢిల్లీలో పాత స్పోర్ట్స్ కారు చౌకగా వస్తోంది. కొనొచ్చా? కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు.

జవాబు: తమ్మీ, అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ (బండి వేరే రాష్ట్రానికి పోవడానికి అభ్యంతరం లేదన్న కాగితం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, రవాణా కలిపి లెక్కేసి, అప్పుడు చౌక అను. ఎన్‌ఓసీ చేతికి రానిదే పూర్తి డబ్బు ఇవ్వకు. టైమింగ్ బెల్టు ఉండే ఇంజనైతే అది మార్చిన బిల్లు అడుగు. బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క.