ఉద్యోగం వదులుకోకండి, ముందు ఆ నాలుగు గంటల సంగతి చూడండి

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. తనకోసం ఉద్యోగం మానేసిన నాకు ఆరేళ్ల తరవాత మళ్లీ అకౌంట్స్ విభాగంలో అవకాశం వచ్చింది. పాప స్కూలు 8.30కు మొదలై 3 గంటలకు అయిపోతుంది. నేను ఉదయం 7.30కే తనను దింపాలి, సాయంత్రం 6 దాటాక గాని తీసుకురాలేను. స్కూలు ఆవరణలోనే ఒక సంరక్షణ కేంద్రం ఉంది. బయట, చదువు కూడా చెప్పించే కేంద్రం మరొకటి ఉంది. ఏదైనా సరే, నా జీతంలో చాలా భాగం కేంద్రం ఫీజుకే పోతుందని మావారు అంటున్నారు. పాప కాస్త పెద్దయ్యేదాకా ఆగమంటారా?
– ఒక తల్లి

జవాబు: ఆగకండమ్మా, చేరండి. రెండేళ్లు ఆగినా ఈ చిక్కు తీరదు. ఎనిమిదేళ్ల పిల్లను మాత్రం మూడు నుంచి ఆరింటి దాకా ఇంట్లో ఒంటరిగా ఉంచగలరా? అప్పుడూ ఇదే వెతుకులాట ఉంటుంది. ఈలోగా మీ విరామం ఆరేళ్ల నుంచి ఎనిమిదేళ్లవుతుంది. మీ రంగంలో సాఫ్ట్‌వేర్లు, పన్ను నిబంధనలు ఏటా మారుతుంటాయి. విరామం తరవాత దొరికే మొదటి ఉద్యోగమే అన్నిటికంటే కష్టమైనది. అది మీ చేతికొచ్చింది.

జీతం లెక్క గురించి మీవారితో నెమ్మదిగా మాట్లాడండి. కేంద్రానికి కట్టే ఫీజును తల్లి జీతంలోంచే తీసేసి, మిగిలింది ఇంతేనా అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. దాన్ని ఇద్దరి జీతాలూ కలిపి, అందులోంచి తీసి చూడండి. పిల్లల పెంపకం తల్లిదండ్రులిద్దరి ఉమ్మడి బాధ్యత అని 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడిక 18వ అధికరణం చెబుతోంది. పనిచేసే తల్లిదండ్రుల పిల్లలకు సంరక్షణ సేవలు అందేలా చూడాలని ప్రభుత్వాలను కోరేదీ అదే అధికరణం. పైగా ఈ ఖర్చు కొన్నేళ్లే. అనుభవంతో పెరిగే జీతం మాత్రం ఆ తరవాత కూడా ఉంటుంది.

ఇక రెండు కేంద్రాల్లో ఏది? పాప రోజును ఒకసారి పాప వైపు నుంచి చూడండి. పొద్దున ఒక గంట, స్కూల్లో ఆరున్నర గంటలు, సాయంత్రం మూడు గంటలు. మొత్తం పదిన్నర గంటలు ఇంటి బయటే. ఈ వయసు పిల్లలకు రాత్రి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలంటారు వైద్యులు. ఎనిమిదిన్నరకు పడుకోబెడితే మీతో గడిపేది రెండున్నర గంటలే. అలాంటి పాపను మూడింటికి మళ్లీ పుస్తకం ముందు కూర్చోబెట్టే చోటు నాకు నచ్చదు. చదువు వెనకబడుతుందేమోనన్న భయం మీకు ఉంటే అది నాకు అర్థమవుతుంది. కానీ ఆ వేళకు తనకు కావలసింది ఏదైనా తినడం, పరుగెత్తడం, కాసేపు ఏమీ చేయకుండా ఉండటం. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మీ పాపకు అది దొరకాల్సింది ఆ మూడు గంటల్లోనే.

అలాగని స్కూల్లో ఉందన్న ఒక్క కారణంతో మొదటిదాన్నీ ఒప్పుకోకండి. వెళ్లి చూడండి, అదీ చివరి అరగంటలో. కిందటేడాది ఒక దంపతులతో కలిసి ఇలాంటి కేంద్రాలు రెండు చూశాను. సాయంత్రం అయిదున్నర దాటింది. మొదటి చోట గోడల నిండా బొమ్మలు, కొత్త కుర్చీలు. నలుగురు పిల్లలు బ్యాగులు తగిలించుకుని తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు. టీవీ మోగుతోంది, ఎవరూ మాట్లాడటం లేదు. రెండో చోట గోడలు రంగు వెలిశాయి. ఒకామె నేల మీద కూర్చుని ఓ బాబు బూటు లేసు ముడి విప్పుతోంది. బాగా బిగుసుకున్న ముడి. ఆమె తొందరపడలేదు. "పొద్దున ఊగిన పన్ను ఏమైంది?" అని అడిగింది. వాడు నోరు తెరిచి ఖాళీ చూపించాడు. పొద్దున ఊగిన పన్నును సాయంత్రం దాకా గుర్తుపెట్టుకున్న మనిషి అక్కడ ఉంది. ఆ దంపతులు ఇంకేమీ అడగకుండానే ఎటు మొగ్గారో నాకు తెలిసిపోయింది.

అయినా అడగాల్సినవి అడగాలి. పిల్లల్ని చూసుకునేవారు ఎంతకాలంగా అక్కడ ఉన్నారు? మనుషులు నెలనెలా మారిపోతుంటే మిగతా హంగులు ఎన్ని ఉన్నా వద్దు. వాళ్లను పనిలో పెట్టుకునేముందు గతాన్ని ఆరా తీశారా? ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలు? పదేళ్లవాళ్లూ ఆరేళ్లవాళ్లూ ఒకే గదిలో ఉంటే మధ్యలో పెద్దవాళ్లెవరు? తరగతి గది నుంచి కేంద్రానికి ఎవరు తీసుకొస్తారు, ఒకరు తగ్గితే ఎన్ని నిమిషాల్లో తెలుస్తుంది? మీరిద్దరూ కాక వేరెవరైనా వచ్చి పాపను పంపమంటే ఏం చేస్తారు? ఈ చివరి ప్రశ్నకు తడుముకుంటే అక్కడినుంచి వచ్చేయండి.

కేంద్రం మూసే వేళ, జ్వరం వచ్చిన రోజు, స్కూలు సెలవులు. నా దగ్గరికి వచ్చే తల్లుల్లో చాలామంది ఉద్యోగం మానేయాలనుకునేది ఫీజు భరించలేక కాదు, వీటివల్లే. ఆరింటికి మూసే కేంద్రం, ఆరింటి దాకా సాగే సమావేశం ఉంటే ఆ ఉద్యోగం ఎన్నాళ్లు నిలుస్తుంది? మీరు ఆరు దాటాక గాని రాలేనంటున్నారు కాబట్టి కేంద్రం ఆరున్నర దాకానైనా తెరిచి ఉండాలి. పిలిస్తే రాగల బంధువునో పొరుగువారినో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

ఉదయం గంట గురించి మరో మాట. వారానికి రెండు రోజులైనా మీవారు పాపను నేరుగా స్కూలుకు దింపగలరేమో చూడండి. మీరు కూడా ఆఫర్ లెటర్‌కు జవాబిచ్చే ముందే పనివేళల్లో అరగంట వెసులుబాటు అడగండి. "ఉదయం తొమ్మిదికి వచ్చి, మిగిలిన పనిని రాత్రి ఇంటి నుంచి పూర్తి చేస్తాను" అని సూటిగా చెప్పండి. బతిమాలుతున్నట్టు వద్దు. చేరిన ఆరు నెలలకు అడగడం కంటే ఇప్పుడు అడగడమే తేలిక.

ఉద్యోగంలో చేరడానికి రెండు వారాల ముందే పాపను అలవాటు చేయండి. మొదట ఒక గంట, తరవాత రెండు. మిమ్మల్ని చూడగానే ఏడిస్తే ఆ చోటు చెడ్డదని అప్పుడే తేల్చేయకండి. రోజంతా బిగబట్టుకున్నది అమ్మ దగ్గరే బయటపడుతుంది. నిద్రలో ఉలిక్కిపడటం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, ఫలానా మనిషి పేరెత్తితే ముడుచుకుపోవడం కనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి. ఆ రోజే చెప్పకుండా వెళ్లి చూడండి. "ఈ రోజు బాగా గడిచిందా?" అని అడిగితే పిల్లలు "ఊఁ" అంటారు, అంతే. "నీ పక్కన ఎవరు కూర్చున్నారు?" అని అడిగి చూడండి, తనే చెప్పుకొస్తుంది.