కబడ్డీ టీవీలో అంత బాగుంటుంది, హాకీ ఎందుకు అలా ఉండదు?

ముఖ్య కారణం గ్రౌండ్ సైజు, ఆటంతా ఒకే కెమెరా ఫ్రేమ్‌లో పడితే టీవీలో చూడ్డానికి బాగుంటుంది. కబడ్డీలో మగవాళ్ల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పే, రైడ్ 30 సెకన్లలో అయిపోతుంది, రైడర్ ఎవర్ని టచ్ చేశాడో, కాలు ఎవరు పట్టారో మొహాలతో సహా కనబడుతుంది. హాకీ ఫీల్డేమో 91.4 మీటర్ల పొడవు, అంతా చూపించాలంటే కెమెరా దూరం జరగాలి, అప్పుడు ఆ చిన్న బాల్ కంటికి ఆనదు. అందుకే 2012 లండన్ ఒలింపిక్స్‌లో నీలం టర్ఫ్ మీద పసుపు బాల్‌తో ఆడించారు, చాలా మంచి మార్పు అది.

స్పీడ్ ఉన్న ఆటలే టీవీకి సెట్ అవుతాయని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. టేబుల్ మీద రంగురంగుల బాల్స్‌ని కర్రతో కొట్టే స్నూకర్ ఎంత నిదానమో తెలుసుగా, అయినా కలర్ టీవీ వచ్చాక బ్రిటన్‌లో పెద్ద హిట్టయింది, ఎందుకంటే టేబుల్ మొత్తం తెర మీద పడుతుంది, ఏ బాల్ ఏదో రంగు చూస్తే తెలిసిపోతుంది.