కీలులో ఇంజెక్షన్ చేయించుకున్నాక నొప్పి ఎక్కువైతే ఏం చేయాలి?

మోకాలి అరుగుదలకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్న రోజు రాత్రే నొప్పి పెరిగిందంటే టెన్షన్ పడకండి. మందులోని సన్నటి స్ఫటికాలు కీలు లోపలి పొరను రేపడం వల్ల కొందరికి ఇలా అవుతుంది. సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. ఐస్‌ను పల్చటి గుడ్డలో చుట్టి 10-15 నిమిషాలు పెట్టండి, నేరుగా చర్మం మీద వద్దు. పడకపోవడమంటూ లేకపోతే పారాసిటమాల్ చాలు. ఒకటి రెండు రోజులు మెట్లు, బరువులు మానేయండి. ఇంట్లో మెల్లగా నడవచ్చు. అసలు ఉపశమనం తెలియడానికి వారం దాకా పట్టొచ్చు.

షుగర్ ఉన్నవాళ్లు మాత్రం కొన్నాళ్లు తరచూ చెక్ చేసుకోవాలి, స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరగొచ్చు.

జ్వరం, చలి వచ్చినా, కీలు ఎర్రబడి వేడెక్కినా, మూడో రోజుకీ నొప్పి పెరుగుతూనే ఉన్నా ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అరుదే, కానీ తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.